మా అత్త పాట, నా డోలక్కు

మా అత్తకు పాట వచ్చు, తాళం రాదు. ఈ మాట ఆమె ముందరే అంటాను కాబట్టి ఇక్కడ రాయడానికి నాకేం భయం లేదు. ఆమె నా గురించి వీధి వీధంతా చెప్పే మాట కూడా ఒకటుంది. "మా కోడలికి నోరుండాది, ఓపికే ల్యా." ఇద్దరం చెప్పేదీ నిజమే. అందుకే ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాం.

మా ఇల్లు తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. వంటిల్లు అత్తది. వంట చేస్తూ పాడుతుంది. పాడకపోతే ఆమెకు చెయ్యి ఆడదు. ఆమె పాటలన్నిట్లోకీ పెద్దది వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఒక తలుపు పాట. స్వామి రాత్రిపూట కొండ దిగి తిరుచానూరు వస్తాడు. అలిమేలు మంగమ్మ అలిగి తలుపు తియ్యదు. "కొండ దిగి వచ్చినాను, తలుపు తియ్యవే మంగా" అని బయటినుంచి ఆయన. "ఇంత పొద్దుపోయినాక ఎవరింటికి వచ్చినావు స్వామీ" అని లోపలినుంచి ఈమె. మా ఇంట్లో పప్పు ఉడికేది వాళ్ళిద్దరి పోట్లాట మీదనే.

అట్లాంటి మనిషి గొంతులో ఒక గడ్డ తేలింది. చెడ్డ గడ్డ కాదని, కానీ పెరుగుతోందని, కోసి తీసెయ్యాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ గడ్డ పక్కనుంచే ఒక నరం పోతుందట. దానికి ఏమైనా తగిలితే గొంతు మారిపోవచ్చట. అత్త అంతా విని ఒకటే అడిగింది.

"మాట్లాడేదానికా, పాడేదానికా?"

"మాట వస్తుందమ్మా. పాట సంగతి నేను చెప్పలేను."

అత్త ఆటోలో ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ అంది.

"కోసేలోపల నేనొకసారి మైకులో పాడల్ల."

"ఏందత్తా?"

"మైకులో మే. స్టేజీ మీద. ఇన్ని పెండ్లిండ్లల్లో పాడినా, ఇన్ని సీమంతాల్లో పాడినా, పాడే మనిషి యాడుండాదో సూసినోళ్ళు ల్యా. అన్నాలు వడ్డిస్తా ఉంటే పాడినా. పాయసం యాడ, అప్పడం యాడ అని ఒకటే రచ్చ. ఒక్కసారి అందరూ నోరు మూసుకోని నా పాట ఇనల్ల."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుంది. "అంతేగదా, దానికింత మొగం పెట్టుకోని కూసోవల్లనా?" అని గట్టిగా అరిచి మిషను దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆ రోజు కుట్టిన జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కవి కుట్టాను.

అదృష్టమో ఏమో, అప్పుడే మా వీధివాళ్ళు ఒక పాటకచేరీ పెట్టాలనుకుంటున్నారు. పెద్దాసుపత్రిలో రోగులకు తోడుగా వచ్చి, చెట్ల కింద కూర్చుని ఎదురుచూసేవాళ్ళకు మధ్యాహ్నం అన్నం పెట్టాలని, దానికి చందాలు పోగెయ్యడానికి కచేరీ. పెద్ద మనిషి మా వీధి చివరింటి రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఒంటి వేలితో కీబోర్డు వాయిస్తాడు. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అంతా వీధివాళ్ళే, అంటే ఎవరికీ ఏమీ రాదని అర్థం. రైల్వేలో చేసి వచ్చిన ఒకాయన పాకాల జంక్షన్‌లో బండి వచ్చేది, వేరుశనక్కాయలు అమ్మేది, బండి మళ్ళీ కదిలేది, అన్నీ నోటితోనే చేసి చూపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దణ్ణం పెట్టేదాకా ఆ బండి ఆగదు.

మా వీధిలో నిజంగా ఏదైనా వచ్చిన మనిషి ఎదురింటి అక్క ఒక్కతే. ఆమె డోలక్కు వాయిస్తే కూర్చున్నవాళ్ళ కాళ్ళు కుదురుగా ఉండవు. ఆమె ఉంది కదా, అత్త పాటను ఎట్లాగో లాక్కొస్తుందిలే అని అందరం ధైర్యంగా ఉన్నాం.

ఆ అక్క కొండ మెట్లకు మొక్కు తీర్చడానికి పోయింది. ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, వంగి దణ్ణం పెట్టుకుంటూ ఎక్కాలి. ఎక్కింది. చాలా దూరం ఎక్కినాక, కింద ఒక మెట్టుకు బొట్టు పెట్టలేదేమో అని అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని అక్కడే వదిలెయ్యకుండా చూసొద్దామని వెనక్కి దిగింది. ఎవరో భక్తురాలు అప్పుడే నెయ్యి దీపం పెట్టిపోయిన మెట్టు మీద కాలు వేసి కూలబడింది. కుడి మణికట్టు విరిగింది. వాళ్ళాయన ఆసుపత్రి అన్నాడు. ఈమె వింటేనా! "పుత్తూరికి పోనీ" అని ఆటోలోనే శివాలెత్తింది. పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేవాళ్ళు ఆకుపసరు పూసి, గుడ్డు సొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి మోచేతి దాకా బిగించి పంపించారు. ఆ చేత్తో డోలక్కు వాయించడం కాదు గదా, తల కూడా దువ్వుకోలేదు.

సరే, ఏం చేద్దామని హెడ్మాస్టరు వాళ్ళ మిద్దె మీద అందరం చేరాం. ఆయన తన కీబోర్డులో ఒక మీట నొక్కితే తాళం దానంతట అదే వస్తుందని చెప్పాడు. నొక్కాడు. దడదడమని మొదలైంది. అత్త కళ్ళు మూసుకుని "కొండ దిగి వచ్చినాను, తలుపు తియ్యవే" అని ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగింది. కీబోర్డు ఆగలేదు. అత్త ఒక కన్ను తెరిచి చూసింది. కీబోర్డు కొట్టుకుంటూనే ఉంది. అప్పుడు తీరుబడిగా "మంగా" అంది. అప్పటికి తాళం ఎక్కడికో పోయింది. ఇంకో చోట "స్వామీ" అని ఎత్తుకుని, వదలకుండా సాగదీసి సాగదీసి, స్వరం నొక్కి పట్టుకున్న హెడ్మాస్టరు వేలు నొప్పి పుట్టేదాకా సాగదీసింది. చివరికి కీబోర్డు వైపు తిరిగి చెయ్యి చూపించి, "రోంత నిలబడప్పా, వస్తాండా గదా!" అని దాన్నే కసిరింది.

మిద్దె మీద అందరూ నవ్వారు. హెడ్మాస్టరు నవ్వకుండా, మర్యాదగానే అన్నాడు.

"అమ్మా, ఆపరేషన్ పెట్టుకోని ఉండారు, మీకు యాల ఈ శ్రమ? ఆ రోజు మీరు జ్యోతి వెలిగించండి. అదే మాకు పెద్ద గౌరవం."

అత్త కొంగు భుజం మీదికి సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. ఆమె ఏమైనా అని ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. అట్లా కొంగు సర్దుకుంటూ కూర్చుంటే నా ఒళ్ళు మండిపోయింది.

"దీపం ఇంట్లో దినామూ వెలిగిస్తాది సార్, దానికి మైకు అక్కరల్యా. మా అత్త పాడతాది. డోలక్కు నేను వాయిస్తా."

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీకు వస్తాదామ్మా?"

"రాకేం!"

మెట్లు దిగేటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "నీకు డోలక్కు ఎప్పుడొచ్చిందే?"

"ఇప్పుడే" అన్నాను.

మరునాటి నుంచి ఎదురింటి అక్క మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఎడమ చెయ్యి గుమ్ము, కుడి చెయ్యి టక్కు. అంతే మే. శానా సులువు" అంది. సులువైతే ఈ పాటికి అందరూ వాయించేవాళ్ళు గదా! నా ఎడమ చెయ్యి గుమ్మంటే కుడి చెయ్యి ఏం జరుగుతోందో అని చూస్తూ ఉండిపోయేది. పైగా నాకు మిషను తొక్కిన అలవాటు. చెయ్యి ఆడితే చాలు, కాలు కూడా ఆడుతుంది. "కాలు ఆపు మే, నువ్వు వాయిస్తాండావా, కుడతాండావా?" అని అక్క కేకలు. నేను తప్పు కొట్టినప్పుడల్లా ఆమెకు ఆగక, కట్టు కట్టిన చేత్తోనే తలుపు మీద కొట్టి చూపించేది. కొట్టినాక "అబ్బా, అమ్మా, సచ్చినా" అని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊగేది. మా పాఠం సగం ఆమె ఊగడానికే సరిపోయేది.

నేను పట్టు వదల్లేదు. బియ్యం డ్రమ్ము మీద కొట్టాను. గ్యాసుబండ మీద కొట్టాను. మా ఆయన నిద్రపోతుంటే భుజం మీద కొట్టాను. ఒకామె జాకెట్టు కుట్టించుకోవడానికి వస్తే, వీపు కొలత తీసుకుంటూ నాకు తెలియకుండానే గుమ్ము టక్కు వేశాను. ఆమె తిరిగి నా మొహం చూసి, గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ జాకెట్టు ఇంకెవరి దగ్గర కుట్టించుకుందో నాకు తెలియదు.

గుమ్మూ టక్కూ ఎట్లాగో చేతికొచ్చాయి గానీ అత్త పాటతో మాత్రం కుదరలేదు. నేను కొట్టేటప్పుడు ఆమె ఆగుతుంది. నేను ఆగినప్పుడు ఆమె పరుగెత్తుతుంది. "నీకు తాళం ల్యా అత్తా!" అని నేను, "నీకు చెవుల్లేవే!" అని ఆమె. కచేరీ దగ్గర పడుతోంది. ఒకరోజు పోట్లాడుకుని, ఆమె వంటింట్లోకీ నేను ముందు గదిలోకీ పోయాం. నేను డోలక్కు ఒళ్ళో పెట్టుకుని, మొహం మాడ్చుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి అత్త పాట మొదలైంది.

"కొండ దిగి వచ్చినాను, తలుపు తియ్యవే..."

ఆగింది. బాండీలో ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిరపకాయ ఘాటు నా ముక్కుకు తగిలింది. కరివేపాకు చుయ్యిమంది.

"...మంగా."

నేను డోలక్కు కింద పెట్టి వంటింటి గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. తరువాతి చరణంలో "స్వామీ" అనే చోట అన్నం గిన్నె గుడ్డలతో పట్టుకుని ఎత్తింది. ఎత్తేటప్పుడు గొంతూ లేచింది. గిన్నె వంచి గంజి వార్చినంతసేపూ ఆ "స్వామీ" సాగుతూనే ఉంది. గంజి బొట్లు బొట్లుగా పడేటప్పుడు రాగం కూడా సన్నబడి, గిన్నె దించగానే ఆగింది. ఆ పైన ఒక చరణం గబగబా పాడి, మళ్ళీ ఆగి ఎడమవైపు తిరిగి పాలగిన్నె లోకి చూసింది. పొంగుకు రాలేదు. చెయ్యి స్టవ్వు మీట మీద పెట్టుకుని నిలబడింది. పొంగు వచ్చింది. మీట తిప్పింది. పాట ముందుకు పోయింది.

ఓయమ్మా! ఇన్నేళ్ళు ఆ పొయ్యి పక్కనే నిలబడి కూరగాయలు తరిగిన నాకు ఈ సంగతి తట్టనే లేదు. ఆమెకు తాళం లేకపోవడం కాదు. వంట ఎంతసేపో పాట అంతసేపు. ఎదురింటి అక్కను పిలిచి చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విని, "అయితే నేను నేర్పించేది ఏముండాది మే? నువ్వు ఆ రోజు స్టేజీ మీద మనసులో పప్పుసారు సేసెయ్యి" అంది.

అట్లాగే అభ్యాసం చేశాం. అత్త ముందు గదిలో చాప మీద కూర్చుని పాడుతుంది. నేను డోలక్కు కొడుతూ మనసులో నూనె కాగబెడతాను, ఆవాలు వేస్తాను, గంజి వారుస్తాను. సరిగ్గా కుదిరింది. అత్తకు మాత్రం ఇదంతా చెప్పలేదు. చెబితే, "నేనెప్పుడు ఆగినా?" అని దానికొక పోట్లాట.

కచేరీ రోజు కల్యాణమండపం నిండింది. అన్నం పెట్టే పని అంటే మా ఊళ్ళో మనుషులు బాగానే వస్తారు. ముందుగా రైల్వే ఆయన బండి పాకాలలో ఆగి, ఆగి, ఎట్లాగో కదిలింది. ఆ తర్వాత మా పేర్లు పిలిచారు. అత్త పెళ్ళినాటి కంచిపట్టు కట్టుకుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఎక్కడ కింద కూర్చున్నా "గోవిందా" అని కూర్చుంటుంది. ఇక్కడా అట్లాగే, మైకు పట్టుకుని నెమ్మదిగా వంగి, "గోవిందా" అంది.

తిరుపతి జనం ముందు మైకులో ఆ మాట అంటే ఊరుకుంటారా? మండపం మొత్తం ఒక్కసారిగా "గోవిందా... గోవింద!" అని దద్దరిల్లింది. అత్త బిత్తరపోయి లేచి నిలబడింది. సరేనని మళ్ళీ కూర్చోబోయింది. మళ్ళీ నోట్లోంచి అదే మాట. మళ్ళీ మండపం దద్దరిల్లింది. వెనక వరసల్లో కొందరు చేతులెత్తి దణ్ణం కూడా పెట్టేశారు. మూడోసారి నేనే మైకును చేత్తో మూసి, ఆమెను నడుం పట్టుకుని కూర్చోబెట్టాను.

"నవ్వతాండారా మే?"

"భక్తి అత్తా, అది భక్తి. నువ్వు మొదులుపెట్టు."

ఆమె కళ్ళు మూసుకుంది. "కొండ దిగి వచ్చినాను, తలుపు తియ్యవే..." నేను గుమ్ము టక్కు వదిలి, వేళ్ళతో డోలక్కు అంచు మీద ఆవాలు చిట్లించాను. "...మంగా." ఇద్దరం ఒకేసారి ఆ మాట మీద పడ్డాం. ముందు వరసలో ఎదురింటి అక్క కట్టు చెయ్యి ఎత్తి ఊపింది. గంజి కూడా బాగా వార్చాం. "స్వామీ" అని అత్త గొంతు పైకి లేచి, అక్కడే నిలబడి, సన్నగా దిగుతుంటే మండపంలో చప్పుడు లేదు. పసిపిల్లల్ని కూడా ఎవరో ఊరుకోబెట్టారు.

పాల దగ్గరికి వచ్చాం. అత్త ఆగింది. అలవాటు చొప్పున కళ్ళు తెరిచి ఎడమవైపు తిరిగి చూసింది. అక్కడ పాలగిన్నె లేదు. అంతమంది జనం నోరు మూసుకుని ఆమెనే చూస్తున్నారు. ఆమె అడిగిందదే. అడిగింది ఎదురుగా కనిపించేసరికి ఆమె బిగుసుకుపోయింది. నేను గుమ్ము టక్కు కొట్టాను. మళ్ళీ కొట్టాను. నా కాలు పెడలు తొక్కడం మొదలుపెట్టింది. అత్త పెదాలు కదులుతున్నాయి గానీ చరణం రావడం లేదు. పక్కన హెడ్మాస్టరు పాపం సాయం చేద్దామనే కీబోర్డు మీట వైపు వేలు చాచాడు. ఆ దడదడ మొదలైతే ఇంక ఈ పాట ముగియదు, ఆమె ఇంక ఎప్పటికీ స్టేజీ మీద పాడదు అని నాకు తెలిసిపోయింది. నోటికి ఏదొస్తే అది అరిచాను.

"అత్తా! పాలు పొంగతాండాయి!"

మైకు నా పక్కకే ఉంది. మండపం మొత్తానికీ వినిపించింది. ముందు వరసల్లో కొందరు ఆడవాళ్ళు గబుక్కున లేచి నిలబడ్డారు. అత్త చెయ్యి ముందుకు చాచి, లేని స్టవ్వు మీటను చటుక్కున తిప్పింది. తిప్పడంతోనే ఆగిపోయిన చరణం నోట్లోంచి బయటికొచ్చేసింది. జనం విరగబడి నవ్వారు. ఆమె ఆగలేదు. ఆ నవ్వు మీదుగానే పాడుకుంటూ పోయింది. వాళ్ళే నవ్వు ఆపుకున్నారు.

చివరి చరణంలో అమ్మవారు తలుపు తీస్తుంది. "కాళ్ళు నొచ్చినాయా స్వామీ, లోపలికి రా" అంటుంది. ఈ చరణం నేను ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ ఆ పాటికి కంచాలు పెట్టే హడావిడిలో ఉంటాను. ఆ రోజు ఏ పనీ లేక విన్నాను. మా అత్త నిజంగానే ఎవరికో తలుపు తీసినట్టు పాడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు నిండి డోలక్కు కనపడలేదు. చేతులు వాటంతటవే ఆగిపోయాయి. చివరి నాలుగు ముక్కలూ ఆమె ఒక్కతే పాడింది.

చప్పట్లు ఆగినాక, లేవడానికి నా భుజం పట్టుకుని అడిగింది.

"అందరూ నోరు మూసుకోనే ఇన్నారా మే?"

"నడమ నవ్వినారు గానీ, ఇన్నారత్తా."

"నవ్వింది నీ వల్ల" అంది.

తర్వాత ఆపరేషన్ జరిగింది. గడ్డ తీసేశారు. మాట వచ్చింది. కానీ ఆ మాట మా అత్తది కాదు. బొంగురుగా, ఎక్కడో అడుగునుంచి వస్తున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకు సర్దుకోవచ్చన్నారు, సర్దుకోకపోవచ్చనీ అన్నారు. నెలలు గడిచాయి. సర్దుకోలేదు. వంటింట్లోకి మళ్ళీ వచ్చింది గానీ పాడదు. ఆవాలు చిటపటమని ఊరుకుంటాయి. పాలు రెండుసార్లు పొంగి పొయ్యంతా పాడైంది. నాకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. ఆమెతో మాట్లాడించాలని కావాలని పోట్లాట పెట్టుకునేదాన్ని. ఆమె సగంలోనే చెయ్యి ఊపి వదిలేసేది. అంతకంటే నాకు ఇంకేం కష్టం కావాలి?

ఒకరోజు అన్నాలు తిని కూర్చున్నప్పుడు మా ఆయనకు కచేరీ రోజు ఫోనులో వీడియో తీసినట్టు గుర్తొచ్చింది. ఆయన తీసిన వీడియో ఎట్లుంటుందో నాకు తెలుసు. సగం బొటనవేలు, సగం ఫ్యాను. అయినా పాట మొత్తం ఉంది. పెట్టాడు. అత్త ఫోను తీసుకుని చెవికి దగ్గరగా పట్టుకుంది.

కొంచెంసేపు విని నా వైపు చూసి, ఆ బొంగురు గొంతుతో అడిగింది. "ఆ డోలక్కు ల్యాకుండా పెట్టేదానికి కాదా?"

"కాదత్తా, రెండూ కలిసిపోయినాయి."

"ఖర్మ" అని మళ్ళీ చెవికి పెట్టుకుంది. పాలు పొంగిన చోట మా ఆయనకు నవ్వొచ్చింది. ఆమె చెయ్యెత్తి ఊరుకోమంది. చివరి చరణం వచ్చింది. నా డోలక్కు ఆగిపోయిన చోట గదిలో ఆమె పాత గొంతు ఒక్కటే వినిపించింది. అయిపోయాక కూడా ఫోను చెవి దగ్గరనుంచి తియ్యలేదు. తన గొంతు తను బయటినుంచి వినడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇది నేనేనా మే?"

"నువ్వే."

ఆమె నన్ను చూసింది, కొడుకును చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఇంత బాగుండిందా నా గొంతు? ఇన్నేండ్లు ఇంట్లోనే ఉంటిరి గదా. ఒక్కరన్నా ఒక మాట సెప్పల్యా."

మా ఆయన కంచం తీసుకుని లేచి పోయాడు. ఆమె ఫోను నా చేతిలో పెట్టి, మళ్ళీ పెట్టమని సైగ చేసింది. మొదటినుంచి పెట్టాను.